రోజుకు రెండు మూడు విమానాలు దిగే చిన్న ఎయిర్‌పోర్టు జిల్లాకు ఎందుకు?

ప్రశ్న ఇది: "కడప ఎయిర్‌పోర్టుకు రోజుకు రెండు మూడు విమానాలొస్తాయి. మిగతా పొద్దంతా ఖాళీయే. మరి అంత సిబ్బంది, ఫైరింజన్లు ఎందుకు? పెద్ద విమానాలు ఎందుకు వేయరు? ఎండాకాలం సామాను దించేస్తారు, చలికాలం కేన్సిల్ అంటారు. అసలు దీనివల్ల జిల్లాకు ఒరిగేదేంటి?"

ఫైరింజన్‌తో మొదలుపెడతా. మిగతావి చాలావరకు అక్కడినుంచే అర్థమవుతాయి.

ఎయిర్‌పోర్టులో మంటలార్పే ఏర్పాటు రోజుకు ఎన్ని విమానాలొస్తాయన్న లెక్క మీద ఉండదు. వచ్చేవాటిలో పెద్ద విమానం పొడవెంత, వెడల్పెంత అన్నదాని మీద ఉంటుంది. ఇలాంటి ఊళ్లకు నడిపే డెబ్భై సీట్ల ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్-72 పొడవు 27 మీటర్ల పైచిలుకు. అంతర్జాతీయ ప్రమాణాల్లో అది అయిదో కేటగిరీ. మామూలుగా వాడే 'బి' స్థాయి ఫోమ్ (మంటలార్పే నురగ) లెక్కన 5,400 లీటర్ల నీళ్లు, నిమిషానికి 3,000 లీటర్లు చిమ్మే పంపు, 180 కిలోల పొడి రసాయనం సిద్ధంగా ఉండాలి. బండిలో నింపిన ఫోమ్ కాకుండా దానికి రెండింతలు గోదాములో నిల్వ ఉండాలి. భాగించి చూడండి, ఆ నీళ్లు 108 సెకన్లలో అయిపోతాయి. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ బండి పని మంటను పూర్తిగా ఆర్పడం కాదు, తలుపుల దగ్గర దారి చేసి లోపలున్న డెబ్భై మంది దిగేదాకా మంటను పక్కకు నెట్టి ఉంచడం. అందుకే పిలుపు అందిన 3 నిమిషాల్లోపు రన్‌వే ఏ మూలకైనా చేరి నీళ్లు కొట్టాలన్న నిబంధన. రద్దీ ఎక్కువున్న మూడు నెలల్లో కూడా రాకపోకలు 700 దాటకపోతే ఒక కేటగిరీ తగ్గించుకునే వెసులుబాటు ఉంది. అంతకుమించి తగ్గించడం కుదరదు. రోజుకు ఒక్క విమానమొచ్చినా ఇరవై వచ్చినా ఆ బండి, ఆ షిఫ్టు మనుషులు ఉండాల్సిందే.

విమానం రావడానికి ముందు గంటసేపు జరిగే పని ప్రయాణికుడికి కనపడదు. రన్‌వే తనిఖీ జీపు ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా వెళ్తుంది. వెతికేది చిన్నచిన్న వస్తువులనే: గులకరాయి, బోల్టు, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి, చచ్చిన పిట్ట. ఏటీఆర్ ప్రొపెల్లర్ గులకరాయిని లేపి తన రెక్కకే కొట్టుకుంటే ఆరోజు విమానం అక్కడే ఆగిపోతుంది. కంచె కింద కుక్కలు దూరిన బొరియలు, గొర్రెల కాపరులు వంచిన తీగలు కూడా ఆ జీపే చూసుకోవాలి.

రన్‌వే పక్కన నాలుగు పెట్టెల్లా కనపడే పాపి లైట్లున్నాయే, వాటి సంగతి విడిగా చెప్పాలి. పైలట్ సరైన వాలులో దిగుతుంటే రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనపడతాయి. 3 డిగ్రీల వాలుకు ఆ నాలుగు పెట్టెలనూ 2 డిగ్రీల 30 నిమిషాలు, 2.50, 3.10, 3.30 కోణాల్లో బిగిస్తారు (చుక్క తర్వాతవి దశాంశాలు కావు, కోణపు నిమిషాలు). పెట్టెకూ పెట్టెకూ తేడా 20 నిమిషాలే, అంటే డిగ్రీలో మూడోవంతు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతు చాలకపోతే పెట్టె కాస్త ఒరుగుతుంది, అక్కడితో లెక్క తప్పుతుంది. అందుకే కొలిచి సరిచేస్తుండాలి. అద్దం లోపల కందిరీగలు గూడు కట్టడం, ఎలుకలు కేబుల్ కొరకడం మామూలే. కరెంటు పోతే జనరేటర్ 15 సెకన్లలోపు ఈ లైట్లను అందుకోవాలి. వారానికి మూడు విమానాలొచ్చినా ఈ పనుల్లో ఒక్కటీ తగ్గదు.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఇక్కడో మాటంటారు: "మా కౌంటీ ఎయిర్‌పోర్టులో ఒకే మనిషి ఉంటాడు, రాత్రిపూట ఆయన కూడా ఉండడు." నిజమే. అక్కడ జనం వాడుకునే ఎయిర్‌పోర్టులు దాదాపు 5,000 ఉంటే కంట్రోల్ టవర్ ఉన్నవి 500 చిల్లర. మిగతాచోట్ల పైలట్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకరికొకరు చెప్పుకొని దిగుతారు. మైకు బటన్‌ను 5 సెకన్లలో ఏడుసార్లు నొక్కితే రన్‌వే లైట్లు పూర్తి వెలుగుతో వెలుగుతాయి. అయితే అక్కడ దిగేవి ఎక్కువగా సొంత చిన్న విమానాలు. టికెట్లమ్మి డెబ్భై మందిని ఎక్కించే సర్వీసుకు మన దగ్గర టవర్, సెక్యూరిటీ తనిఖీ, ఫైర్, వాతావరణ రిపోర్టు అన్నీ కావాలి. పోల్చాలంటే ఆ తేడా చూసి పోల్చాలి.

పెద్ద విమానాల మాట. 180 సీట్ల జెట్ ఏ320 పూర్తి బరువు 78 టన్నుల దాకా ఉంటుంది, ఏటీఆర్-72 బరువు 23 టన్నులు. కాబట్టి రన్‌వే పొడవు ఒక్కటి చూస్తే చాలదు, కింది పొరలు ఆ బరువును రోజూ మోయాలి. వెడల్పు 45 మీటర్లు కావాలి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో కట్టింది 2,000 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంటే ఏటీఆర్‌కు కుట్టిన చొక్కా. పొడవు పెంచమంటే వెంటనే భూమి సమస్య వస్తుంది. రన్‌వే ముగిశాక 60 మీటర్ల స్ట్రిప్ (అడ్డంకుల్లేని చదును నేల), ఆ తర్వాత విమానం జారిపోతే ఆపుకోవడానికి కనీసం 90 మీటర్లు (మంచిదని చెప్పేది 240) చదును చేసి వదలాలి. ఇది రెండు వైపులా. ఏ320కి ఫైర్ కేటగిరీ ఆరు, అంటే రెండు బండ్లు, 7,900 లీటర్లు. ఇంతా చేశాక 180 సీట్లు రోజూ నిండాలి. నా మాటడిగితే, ఏటీఆర్‌లో డెబ్భై సీట్లు ఏడాది పొడవునా నిండని ఊరు పెద్ద విమానం అడగడం తొందరపాటే.

ఎండాకాలంలో సామాను ఎందుకు దించుతారో ఒక లెక్క చాలు. కడప రన్‌వే సముద్రమట్టానికి సుమారు 430 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 ఉందనుకోండి, తేడా 28. ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 120 అడుగులు పైకెళ్లినంత పలచబడుతుంది, ఆ చొప్పున 3,360. రెండూ కలిపితే ఇంజన్‌కూ రెక్కకూ ఆ రన్‌వే దాదాపు 3,800 అడుగుల ఎత్తున ఉన్నట్టే, బెంగళూరు నేలమట్టం కంటే కూడా పైన. గాలి పలచబడితే రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. అప్పుడు బరువు తగ్గించక తప్పదు. దానికి తోడు, ఇంధనం నింపే వసతి లేని చోటైతే తిరుగు ప్రయాణానిదీ ముందే మోసుకురావాలి. ఏటీఆర్ గంటకు సుమారు 650 నుంచి 700 కిలోలు తాగుతుంది. దారి ఖర్చు కాక, ఇక్కడ దిగలేకపోతే వేరే ఊరికి వెళ్లడానికి కొంత, ఆపైన గాల్లో తిరగడానికి 30 నిమిషాలకు సరిపడా ఎప్పుడూ ఉంచుకోవాలి. ఇంధనంలో కోత పెట్టే వీల్లేదు కాబట్టి ముందు బ్యాగులు దిగుతాయి, తర్వాతే మనుషులు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వీలైతే ఉదయం విమానమే చూసుకోండి. మందులు, సర్టిఫికెట్లు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

చలికాలం కేన్సిల్‌కు కారణం వేరు. రన్‌వే దాకా రేడియో కిరణంతో దారి చూపే ఐఎల్ఎస్ లేనిచోట పైలట్ ఒక కనిష్ఠ ఎత్తుకు దిగేలోపు రన్‌వే కంటికి కనపడాలి, లేదంటే మళ్లీ పైకెళ్లిపోవాలి. చుట్టూ కొండలుంటే ఆ కనిష్ఠ ఎత్తు ఇంకా పైకి జరుగుతుంది. కడపకు ఒకపక్క నల్లమల, ఇంకోపక్క పాలకొండలు. పూర్తిగా కంటిచూపు నియమాలతో నడిచే ఎయిర్‌పోర్టయితే మామూలుగా 5 కిలోమీటర్ల విజిబిలిటీ ఉండాలి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు, దానికి తోడు పొలాల్లో తగలబెట్టిన చెత్త పొగ. ఇంకో చిక్కుంది. ఒకే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున చెన్నైలో గంట ఆలస్యమైతే అది సాయంత్రానికి రెండు గంటలవుతుంది. టవర్ పనిచేసే వేళలు, అంటే వాచ్ అవర్స్, ప్రకటించినవే ఉంటాయి. ఆ వేళ దాటాక పొడిగింపు దొరక్కపోతే విమానం రాదు. ఆకాశం నిర్మలంగానే ఉన్నా ఎందుకు కేన్సిల్ చేశారని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక సర్వీసులు ఎందుకు నిలవవు? కడప చరిత్రే చూడండి. 1953 నాటి ఎయిర్‌స్ట్రిప్, 2015 జూన్ 7న కొత్త టెర్మినల్‌తో తిరిగి తెరిచారు. ఎయిర్ పెగాసస్ బెంగళూరుకు నడిపింది, 2016 జులైలో ఆ సంస్థే ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లా నుంచి ఉడాన్ పథకం (చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే కేంద్ర పథకం) ప్రారంభించినప్పుడు జెండా ఊపిన మూడు దారుల్లో కడప-హైదరాబాద్ ఒకటి. ట్రూజెట్ నడిపింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. ఆ మార్చి చివర్లో ఇండిగో వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీ చేసే ఒప్పందంతో. మూడు సంస్థలు మారినా రన్‌వే మారలేదు. చిన్న విమానయాన సంస్థ మునిగితే దాన్ని నమ్ముకున్న ఊళ్లన్నీ ఒకేరోజు ఖాళీ అవుతాయి.

ఉడాన్ లెక్క ఇలా ఉంటుంది. విమానంలో సగం సీట్లు (కనీసం 9, గరిష్ఠం 40) గంట ప్రయాణానికి సుమారు ₹2,500 పరిమితితో అమ్మాలి. ఆ నష్టాన్ని మూడేళ్లపాటు లోటు భర్తీ నిధి పూరిస్తుంది, అందులో రాష్ట్రం వాటా 20 శాతం. ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు ఉండవు. విమాన ఇంధనం మీద రాష్ట్ర పన్ను 1 శాతానికి మించకూడదు. మూడేళ్లు దాటాకే అసలు పరీక్ష. 2023 కాగ్ నివేదిక ప్రకారం ఉడాన్-3 వరకు ఇచ్చిన 774 దారుల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్లు పూర్తి చేశాయి, ఆ తర్వాత కూడా నడుస్తున్నవి 54. తప్పంతా పథకానిదే అనను. చాలా ఊళ్లు తమకు పనికిరాని దారులు అడిగాయి.

దారి ఎంచుకోవడంలో ఒక మోటు లెక్క పనికొస్తుంది. విమానం గాల్లో గంటంబావు. కౌంటర్ గంట ముందు మూస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరాలి. ఇటు ఇంటి నుంచి అరగంట, అటు శంషాబాద్ లాంటి చోట దిగితే సిటీలోకి గంట. మొత్తం నాలుగు గంటలకు పైమాటే. రోడ్డు మీద అయిదు గంటల్లోపు చేరే ఊరికి విమానం నిలవదు. కర్నూలు నుంచి హైదరాబాద్ 44వ నంబర్ జాతీయ రహదారి మీద 215 కిలోమీటర్లు, కారులో మూడున్నర గంటలు, అక్కడ విమానం దండగ. అదే కర్నూలు నుంచి విశాఖ అంటే ఒక రాత్రి రైల్లో పోతుంది. 2021 మార్చి 28న ఓర్వకల్లులో సర్వీసులు మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖ ఎంచుకున్నది అందుకే. 2025 జులైలో విజయవాడ చేరింది. వారానికి మూడు రోజులే నడిచే సర్వీసును మాత్రం వ్యాపారస్తుడు నమ్మడు. సోమవారం వెళ్లి మంగళవారం రాలేకపోతే కారే తీస్తాడు.

జిల్లాకు ఒరిగేదేంటి అన్నారు. సభల్లో చెప్పే "మన అరటి, చీనీ విమానంలో దుబాయ్‌కి" అన్న మాట ముందు పక్కన పెట్టండి. ఏటీఆర్ మోసేది మొత్తం ఏడు టన్నులు, ఆ పైన కాస్త. మనిషికి సామానుతో 90 కిలోలనుకుంటే 70 మందికి 6,300. మిగిలేది టన్ను అటూ ఇటూ. ఒక లారీ అరటి అంతకు పదింతలుంటుంది. ఆ జాగాలో పోవాల్సింది మందులు, ల్యాబ్ శాంపిళ్లు, ఫ్యాక్టరీ ఆగిపోకుండా అర్జంటుగా కావాల్సిన విడిభాగాలు. కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామికవాడకు వచ్చే ఇంజనీరు పొద్దున దిగి రాత్రికి వెళ్లగలడా లేదా అన్నది అక్కడ యూనిట్ పెట్టే నిర్ణయంలో ఒక అంశం. కనపడని లాభమే గానీ నిజమైనది.

ఎయిర్ అంబులెన్స్ దగ్గర లాభం నేరుగా కనపడుతుంది. కింగ్ ఎయిర్ బి200 తరగతి విమానానికి కిలోమీటరు రన్‌వే చాలు, 2 కిలోమీటర్లంటే ధారాళం. చిక్కు రన్‌వే దగ్గర రాదు, కాగితాల దగ్గర, టైము దగ్గర వస్తుంది. వరస ఇది. రోగి ప్రయాణం చేయగలడని చూస్తున్న డాక్టర్ రాసివ్వాలి. తీసుకునే ఆసుపత్రి బెడ్ ఖాయమని రాతపూర్వకంగా చెప్పాలి. విమాన సంస్థకు డబ్బు కట్టే ముందే ఎయిర్‌పోర్టు వాచ్ అవర్స్ ఎప్పటిదాకానో కనుక్కోవాలి. ఆ వేళ దాటేలా ఉంటే పొడిగింపు కోసం విమాన సంస్థే టవర్‌కు ముందుగా రాయాలి. రాత్రి లైట్లు ఉన్నాయో లేదో అప్పుడే అడగాలి. రోడ్డు అంబులెన్స్ నంబరు, డ్రైవర్ గుర్తింపు కార్డు, వెంట వచ్చేవాళ్ల పేర్లు గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే చేరాలి. ఇది మర్చిపోతే రోగి గేటు బయట, విమానం లోపల, మధ్యలో ఇరవై నిమిషాలు ఆవిరి. ఎక్కువగా చెడేది ఎక్కడంటే, విమానం టైముకే దిగుతుంది, ఆసుపత్రిలో డిశ్చార్జి బిల్లు తేలక రోగి బయల్దేరడు, ఇంతలో టవర్ మూసే వేళవుతుంది. వైద్యపరంగా ఒక జాగ్రత్త కూడా ఉంది. పైకెళ్లేకొద్దీ ఒంట్లో చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది, క్యాబిన్‌లో 8,000 అడుగుల ఒత్తిడి దగ్గర దాదాపు మూడోవంతు పెరుగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన యాక్సిడెంట్ కేసుకు నేల మీద ఉండగానే ట్యూబు వేయాలి.

ఇంకొక పెద్ద ఉపయోగం పైలట్ శిక్షణ. 2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రెండో విడత ఫ్లయింగ్ స్కూళ్లకు ఎంచుకున్న అయిదు ఎయిర్‌పోర్టుల్లో కడప ఒకటి. భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలం మిగతావి. ఎందుకంటే ఖాళీ రన్‌వేనే స్కూలుకు కావాల్సింది. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. పెద్ద ఎయిర్‌పోర్టులో ట్రైనర్ విమానం జెట్ల కోసం ఎదురుచూస్తూ ఇంధనం తగలేస్తుంది, ఇక్కడ ఆ బాధ లేదు. సెస్నా 172 బరువు 1.1 టన్నులు, రన్‌వే అరగదు. స్కూలు నిలదొక్కుకుంటే ఏడాది పొడవునా ఇన్‌స్ట్రక్టర్లు, మెకానిక్కులు, హాస్టల్, మెస్, కార్లు. రోజుకు రెండు విమానాలు తెచ్చే ట్యాక్సీ కిరాయిల కంటే ఇది గట్టి ఆదాయం. రోజంతా తలమీద చక్కర్లు కొట్టే చప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు తప్పదు, అది ముందే చెప్పి ఒప్పించడం మంచిది.

వరదలొచ్చినప్పుడు హెలికాప్టర్లకు నేల, ఇంధనం, సమాచారం దొరికే చోటు కూడా ఇదే. 2018 ఆగస్టులో కేరళ వరదలకు కొచ్చి ఎయిర్‌పోర్టు రెండు వారాలు మూతపడితే, నావికాదళం వారి చిన్న రన్‌వే మీద ఏటీఆర్‌లు దిగాయి. ఆ చిన్న రన్‌వేనే ఆ రోజుల్లో ఆ ఊరికి దిక్కయింది.

దీనికి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలవాళ్లు చేయాల్సిందీ ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి 10 కిలోమీటర్లలోపు పశువుల వధ వ్యర్థాలు, చెత్త బయట పారేయడం నిషేధం. చికెన్ కొట్ల వ్యర్థాలు రాత్రిపూట చెరువుకట్ట మీద పోస్తారు, పొద్దున గద్దలు అక్కడ చేరి సరిగ్గా విమానం దిగే ఎత్తులో తిరుగుతాయి. లోపల గడ్డి మరీ పొట్టిగా కోస్తే తీతువులు, కొంగలు పురుగుల కోసం దిగుతాయి. మరీ ఏపుగా వదిలేస్తే ఎలుకలు, వాటి వెంట గద్దలు. ఈ మధ్యస్థం పట్టుకోవడానికి వానాకాలమంతా కోత యంత్రం తిరుగుతూనే ఉండాలి.

కట్టడాల ఎత్తు విషయంలో, రన్‌వే చివర స్ట్రిప్ దాటాక విమానం దిగే దారిలో ప్రతి 50 మీటర్లకు 1 మీటరు ఎత్తే వదులుతారు. కిలోమీటరు దూరంలో 20 మీటర్లు. అక్కడ 30 మీటర్ల సెల్‌టవర్ పెట్టినా, నీలగిరి తోట ఆ ఎత్తుకు పెరిగినా రన్‌వేలో అంత భాగం వాడకుండా కుదించాల్సి వస్తుంది. ఎత్తు అనుమతికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి పెట్టే దరఖాస్తులో జరిగే పెద్ద పొరపాటు, ఎత్తును నేల నుంచి రాయడం. వాళ్లు ఇచ్చేది సముద్రమట్టం నుంచి, కాబట్టి స్థలం మట్టం సర్వేయర్‌తో కొలిపించి అది తీసేసి చూసుకోవాలి. 12 కిలోమీటర్లలోపు పెళ్లి డ్రోన్ లేపేముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి.

మీ ఊరివాళ్లు ఏదైనా అడగదలిస్తే ఎయిర్‌పోర్ట్ అడ్వైజరీ కమిటీలో అడగండి, స్థానిక ఎంపీ దానికి అధ్యక్షుడు. నేనైతే కొత్త ఊరికి విమానం అడగను. ఉన్న దారిలోనే పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా టైములు, విమానం దిగిన పావుగంటకు బస్టాండుకు ఆర్టీసీ బస్సు, అత్యవసరానికి వాచ్ అవర్స్ పొడిగించే అధికారి ఫోన్ నంబరు సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీ గోడ మీద. ఈ మూడూ అడుగుతాను, మూడో దానికి ఖర్చు ఒక బోర్డు, కాస్త రంగు.